మాల దిగింది, గిన్నె కలవలేదు

సమస్య



మాది నల్లపాడు. నా వయసు 44. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పదిహేడేళ్లుగా గుమాస్తాగా చేస్తున్నాను. ఇంట్లో మా అమ్మ, నా భార్య, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి. అందరం మాంసం తినేవాళ్లమే. ఆదివారం అమ్మ నూరే మసాలా వాసనకే నాకు మెలకువ వచ్చేది.

పోయిన కార్తీకంలో మూడోసారి అయ్యప్ప మాల వేసుకున్నాను. ఆ నలభై ఒక్క రోజులూ పొద్దున పూజ కాగానే పెరట్లో కోళ్లకి నూకలు వేసింది నేనే. అందులో ఒక డేగ పుంజు ఉంది. నా అడుగుల చప్పుడు వింటే చాలు, గంప కింద నుంచే గోల చేసేది. కొండకు వెళ్లొచ్చి, అమ్మ చేత మాల తీయించుకున్న రోజున అమ్మ ఆ పుంజునే చంకలో పెట్టుకుని వచ్చి "ఇవాళ దీని పని పడదాం" అంది. నా వల్ల కాలేదు. కోయొద్దన్నాను. బజారు నుంచి చికెన్ తెప్పించి వండారు. నేను పప్పుతో తిని లేచాను. ఆ రోజు నుంచి ఇప్పటికి ఎనిమిది నెలలు. గుడ్డు కూడా ముట్టలేదు.

యార్డులో హమాలీలు ఇప్పటికీ "స్వామీ" అనే పిలుస్తున్నారు. సంక్రాంతికి అత్తగారింట్లో గారెలు, నాటుకోడి పులుసు పెట్టారు. నేను గారెలు అల్లం పచ్చడితో తింటుంటే మా బావమరిది "బావకింకా మాల దిగలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. మా అత్తగారు మాత్రం ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

దీక్షలో నా కంచం, గ్లాసు, గిన్నెలు విడిగా ఉండేవి. ఇప్పుడూ అలాగే ఉంచాను. నీచు వండిన గిన్నెలో నాకు వండొద్దన్నాను. రోజూ రెండు వంటలవుతున్నాయి. "నలభై రోజులు స్వామి కోసం చేశాను, ఇప్పుడెవరి కోసం చెయ్యాలి?" అని నా భార్య అడిగింది. అమ్మ ఆదివారం వండడమే మానేసింది. పిల్లలు బయట బిరియానీ తిని వస్తున్నారు. ఒకరోజు మా వాడు బయట తినొచ్చి నా గ్లాసుతో నీళ్లు తాగాడు. నేను దాన్ని చింతపండు పెట్టి తోమించాను. అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఇది చాలదన్నట్టు ఒంట్లో కూడా బాగుండటం లేదు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. ఏప్రిల్‌లో కాటా దగ్గర టిక్కీల, అదే మిర్చి బస్తాల లెక్క రాస్తూ కళ్లు తిరిగి వాటి మీదే కూలబడ్డాను. అరికాళ్లలో తిమ్మిర్లు. పరీక్ష చేయిస్తే బి12 తక్కువుంది, మూడు నెలల షుగర్ 7.2 నుంచి 8.4కి వచ్చింది. మళ్లీ గుడ్డు, చికెన్ మొదలుపెట్టమన్నారు డాక్టరు గారు. ఇక ఇంట్లో చెప్పాలా! "చూశావా" అని అందరూ ఒకటే మాట. నేను తినేది పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం కందిపొడి, గోంగూర పచ్చడి, పప్పుచారు, పెరుగు. సాయంత్రం యార్డు బయట రెండు బజ్జీలు. రాత్రి మళ్లీ అన్నం, పచ్చడి. తిన్న గంటకే ఆకలేస్తోంది.

నాకు మొక్కేమీ లేదు. ఎవరికీ మాటివ్వలేదు. తినబుద్ధి కావడం లేదు, అంతే. ఇంత గొడవెందుకని తినేయమంటారా?

— ఒక పాఠకుడు, నల్లపాడు

సలహా

తమ్ముడూ,

తినక్కర్లేదు. తినబుద్ధి కాకపోవడం కంటే పెద్ద కారణం ఇంకేం కావాలి? నేను మాంసం తింటాను, అది ముందే చెప్పేస్తున్నాను. మిమ్మల్ని నా దారిలోకి లాగాలనీ లేదు, మీ దారిని పొగడాలనీ లేదు. కాకపోతే మీ ఉత్తరంలో రెండు సమస్యలు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. ముందు ఒంటి సంగతి చూద్దాం.

ఇంట్లో అందరూ బి12 నేరాన్ని మీరు మానేసిన చికెన్ మీద వేశారు. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు. బి12 కూరగాయల్లో, పప్పుల్లో ఉండదన్నది నిజమే. మాంసం, చేపలు, గుడ్లలో ఉంటుంది, పాలల్లో పెరుగులో కొంత ఉంటుంది. కానీ అప్పటిదాకా తిన్నదాంట్లోంచి మన కాలేయం కొన్నేళ్లకి సరిపడా బి12 దాచి పెట్టుకుంటుంది. నలభై మూడేళ్లు మాంసం తిని, ఆ తర్వాత కూడా రోజూ పెరుగు తింటున్న మనిషికి, దీక్ష రోజులు కలుపుకున్నా మానేసిన ఐదారు నెలలకే ఏప్రిల్‌లో ఆ నిల్వ ఖాళీ అవడం మామూలుగా జరగదు. మరి మీ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది, ఆరేళ్ల మెట్‌ఫార్మిన్. ఏళ్ల తరబడి ఆ మందు వాడేవాళ్లలో కొందరికి పేగులు బి12ని సరిగా తీసుకోవు. ఇది డాక్టర్లందరికీ తెలిసిన విషయమే. మీరు "మాంసం మానేశానండీ" అని ముందే చెప్పి ఉంటారు, ఆయన చూపు అటే పోయి ఉంటుంది.

మళ్లీ వెళ్లండి. మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్లుగా, ఎంత మోతాదులో వేసుకుంటున్నారో కాగితం మీద రాసుకుని వెళ్లండి. బి12 మాత్రలు కావాలా, ఇంజెక్షన్లా అని అడగండి. ఆ తిమ్మిర్లను మాత్రం అశ్రద్ధ చేయొద్దు. బి12 లోటు చాలాకాలం ఉంటే నరాలు దెబ్బతింటాయి, షుగర్ వల్ల కూడా తిమ్మిర్లొస్తాయి. ఏది దేనివల్లో తేల్చాల్సింది డాక్టరే, నేను కాదు. నా మాట పట్టుకుని షుగర్ మాత్ర మాత్రం మానేయకండి, పుణ్యముంటుంది.

ఇక 8.4 సంగతి. దీనికి మాత్రం మీ కంచమే సాక్షి. కూర పోయింది, దాని చోట్లో అన్నం వచ్చి కూర్చుంది. గోంగూర పచ్చడి గొప్పదే, గుంటూరు మనిషితో కాదని ఎవరంటారు? కానీ పచ్చడి పని అన్నాన్ని లోపలికి పంపడం. వేలెడు పచ్చడి రెండు ముద్దల్ని కాదు, పది ముద్దల్ని లాగుతుంది. పైగా ఉప్పూ నూనే. సాయంత్రానికి బజ్జీలు.

పప్పుచారు తింటున్నానంటారు. లెక్క చూద్దాం, మీకు లెక్కలు అలవాటే కదా. మీ ఇంట్లో ఐదుగురికి ఒక గ్లాసు కందిపప్పు పోస్తారనుకుందాం, 150 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గ్లాసంతా కలిపి 33. ఐదుగురూ సమానంగా తింటే మీ వాటా ఆరున్నర గ్రాములు. అదీ గట్టి పప్పు అయితే. పప్పుచారు అయితే ఆ గ్లాసు సగమవుతుంది, గరిటె పైపైన తేలిస్తే మీకు చింతపండు నీళ్లే మిగులుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీరు 70 కిలోలుంటే 58 గ్రాములు. ఇడ్లీలో కొంత, అన్నంలో కొంత, పెరుగులో కొంత వచ్చినా మీరు దాని దరిదాపుల్లో ఉన్నారనుకోను. గంటకే ఆకలంటే ఆశ్చర్యమేముంది.

మాటిచ్చి వెళ్లిన గాంధీ గారికే తప్పలేదు ఈ ఆకలి. 1888లో లండన్ వెళ్లాక, మాంసం తినని మనిషికి ఏం పెట్టాలో అక్కడి ఇంటావిడకి తెలియక, ఆయనకి ఇంకో రొట్టె ముక్క అడగడానికి మొహమాటమై, చాన్నాళ్లు అర్ధాకలితోనే గడిపారు. ఊరంతా తిరిగి ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార హోటల్ కనిపెట్టాకే కడుపునిండా తిన్నానని రాసుకున్నారు. మీకు ఊరంతా తిరిగే పని లేదు. మీకు తెలియనిదేమిటంటే, ఆ హోటల్ మీ ఇంట్లోనే ఉంది. ఆదివారం వంట మానేసి కూర్చుంది.

మీ అమ్మగారికి డెబ్బై ఏళ్లుంటాయేమో. నాగార్జునసాగర్ కాలువలకి నీళ్లు వదిలింది 1967లో. అంతకు ముందు మీ గుంటూరు వైపు మెట్ట పల్లెల్లో రెండు పూటలా వరన్నం ఎంతమంది ఇళ్లలో ఉండేది? జొన్నన్నం, సజ్జ రొట్టె, ఉలవలు, అలసందలు, పెసలు. కోడి కూర పండక్కో, చుట్టం వస్తేనో. వారానికోసారి మాంసం అన్నది చాలా ఇళ్లలో మీ తరంలో వచ్చిన ముచ్చట. మాంసం లేకుండా కష్టపడే మనిషికి కడుపు నిండేలా ఎలా పెట్టాలో ఆ తరం ఆడవాళ్లకి మన కంటే బాగా తెలుసు. మీరు ఎనిమిది నెలలుగా ఆ ప్రశ్న ఆవిడని అడగనేలేదు. వద్దన్నవే చెప్పారు తప్ప కావాల్సింది చెప్పలేదు.

వెళ్లి అడగండి. "అమ్మా, నీ చిన్నప్పుడు పొలానికి సద్ది ఏం కట్టేవాళ్లు?" అనండి చాలు. ఉలవ గుగ్గిళ్లు అంటుంది, అలసంద వడలంటుంది, పెసరట్టు అంటుంది. యార్డుకి బజ్జీలకి బదులు ఉడకబెట్టిన శనగలు ఒక డబ్బా కట్టిస్తుంది. గుప్పెడు వేరుశనగపప్పు తింటే ఏడు గ్రాముల ప్రొటీన్, మీ ఇంటి గ్లాసు పప్పులో మీ వాటా కంటే ఎక్కువే. రాత్రి అన్నం బదులు జొన్న రొట్టె, గట్టి పప్పు. మీల్ మేకర్ కూడా వండుకోవచ్చు, ముప్ఫై గ్రాముల్లో పదిహేను గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. దాన్ని చూసి మీ బావమరిది "ఇది మటనే కదా" అంటాడు, అననివ్వండి. షుగర్ ఉన్నవాళ్లకి జొన్న అయినా కొలతలోనే తినాలి, మందేమీ కాదు.

ఇప్పుడు రెండోది. రాయడానికి కాస్త మొహమాటంగా ఉంది, అయినా రాస్తున్నాను.

మీ ఉత్తరంలో "నీచు" అని రాశారు. మనందరం అనేస్తాం ఆ మాట, చేపల గిన్నె వాసనకి కూడా నీచు వాసన అనే అంటాం. దీక్షలో ఉన్న మనిషి అంటే ఎవరూ పట్టించుకోరు. కానీ నలభై ఏళ్లు మీకు అదే వండిపెట్టిన మనిషి ముందు, ఆవిడ గిన్నె చూపించి ఆ మాట అంటే వినపడేది వేరు. మన దగ్గర ఎవరేం తింటారన్నది ఎప్పుడూ వంటింటి వ్యవహారం మాత్రమే కాదు. "శాకాహారులకు మాత్రమే" అని రాసిన టు-లెట్ బోర్డుల ముందు నుంచి ఎంతమంది వెనక్కి తిరిగి ఉంటారో మీకు తెలుసు. మీకు ఆ ఉద్దేశం లేదు, నాకు అర్థమైంది. గ్లాసు తోమించినప్పుడు మీ అబ్బాయికి అర్థమైంది మాత్రం అదే. నాన్న నన్ను ముట్టుకోనివ్వని గ్లాసు ఇంట్లో ఒకటి ఉంది అని.

2014లో జరిగిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటినవారిలో నూటికి 98 మంది మాంసాహారులని తేలింది. మీరు మిగిలిన ఇద్దరి గుంపులోకి వెళ్లారు. పెళ్లి భోజనాల్లో మూలనున్న వెజ్ కౌంటర్ దగ్గర ఒక్కరే నిలబడాలి, హమాలీల "స్వామీ" పిలుపు భరించాలి. అవి బయటివాళ్లవి, ఏడాది పోతే వాళ్లకే విసుగొస్తుంది. ఇంట్లో మాత్రం తొంభై ఎనిమిది మందితో కలిసి కూర్చుని తినాల్సింది మీరే.

కాబట్టి కంచం, గ్లాసు ఇవాళే కలిపేయండి. ఆ విడిగిన్నెలు దీక్షకి సంబంధించినవి. మాల అమ్మ తీసింది, అవి మాత్రం మీరు తీయలేదు. వాసన పడటం లేదంటారా, అది నిజమే అయ్యుంటుంది. కూరకి ఒక్క మూకుడు విడిగా పెట్టుకోండి. దాన్ని తోమేది మీరు. మీ భార్యకి రెండు వంటలవుతున్నాయని మీరే రాశారు, మీరు వంటింట్లోకి వెళ్లినట్టు మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. నలభై ఒక్క రోజులు తెల్లవారుజామున లేచి చన్నీళ్ల స్నానం చేసిన మనిషికి రాత్రి శనగలు నానబోసుకోవడం, పొద్దున పెసరపిండి రుబ్బుకోవడం కష్టమేం కాదు. ఆవిడ అడిగిన "ఎవరి కోసం" అన్న ప్రశ్నకి నోటితో జవాబు చెప్పబోకండి.

ఆదివారం వంట మళ్లీ మొదలుపెట్టమని అమ్మని మీరే అడగండి. మసాలా నూరుతుంటే పక్కన కూర్చోండి. గోంగూర వండుతుంటే ఎండు రొయ్యలు వేసేముందు మీకో గిన్నె తీసి పెట్టమనండి. మా ఇంట్లో శనివారం మాంసం తినని మా నాన్నగారికి మా నాయనమ్మ అలాగే తీసేది. తీసి, పైన ప్లేటు బోర్లించి, ఆ ప్లేటు మీద ఒక ఉల్లిపాయ పెట్టేది గుర్తుగా.

డాక్టరు దగ్గరికి మాత్రం ఈ వారంలోనే వెళ్లండి.

అన్నట్టు, ఆ డేగ పుంజు ఉందా ఇంకా? కోయొద్దన్నారని రాశారు, తర్వాత దాని ఊసే లేదు.