డబ్బు కట్టి కొన్న గేమ్ ఎవరిది? తరచూ అడిగే ప్రశ్నలు

ఆన్‌లైన్ స్టోర్‌లో గేమ్ కొన్నాను. అది నా సొంతమేనా?

కాదు. మీకు దక్కింది ఆడుకునేందుకు లైసెన్స్ మాత్రమే. దాన్ని వెనక్కి తీసుకునే వీలు కంపెనీకి ఉందనే షరతు, మనం చదవకుండా "ఒప్పుకుంటున్నాను" అని నొక్కే ఒప్పందంలో మామూలుగా ఉంటుంది. ఇచ్చేది లైసెన్స్ అయినప్పుడు, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే మాట వాడకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ అంతకు ముందే, 2024 అక్టోబర్‌లో, డబ్బు కట్టే పేజీలో ఆ సంగతి రాసి పెట్టింది. మంచిదే. కానీ ముందే చెప్పి లాక్కున్నా లాక్కోవడమే కదా!

డిస్క్ కొంటే ఈ బెడద తప్పుతుందా?

అన్నిసార్లూ తప్పదు. ఆట సర్వర్ మీద నడిచేదైతే డిస్క్ చేతిలో ఉన్నా ఉపయోగం లేదు. ద క్రూ అనే గేమ్ డిస్కులు కొన్నవాళ్లకి జరిగింది అదే.

ద క్రూ విషయంలో ఏం జరిగింది?

యూబీసాఫ్ట్ 2014 డిసెంబర్‌లో విడుదల చేసిన కార్ రేసింగ్ గేమ్ అది. అమెరికా మొత్తాన్ని కుదించి మ్యాప్‌గా ఇచ్చారు. ఒక్కరే ఆడుకోదగ్గ కథ కూడా ఉంది. అయితే దానికీ కంపెనీ సర్వర్‌తో కనెక్షన్ ఉండి తీరాలి. 2023 డిసెంబర్‌లో అమ్మకం ఆపారు, 2024 మార్చి 31న సర్వర్లు మూసేశారు. కొద్ది రోజులకే ఆటగాళ్ల అకౌంట్లలోని లైసెన్స్‌లనూ రద్దు చేశారు.

ఈ చివరి పనే నాకు మింగుడుపడదు. సర్వర్ నడపాలంటే ఖర్చవుతుంది, నిజమే. లైసెన్స్‌ను అకౌంట్‌లో అలా వదిలేస్తే కంపెనీకి పోయేదేముంది? అదే వరసలోని ద క్రూ 2కి 2025 అక్టోబర్‌లో ఆఫ్‌లైన్ మోడ్ ఇచ్చారు. అంటే అది చేతకాని పని కాదు. ఆటగాళ్లు గొడవ చేశాక గానీ చేయాలనిపించలేదు.

అయితే సర్వర్లు ఎల్లకాలం నడపాలంటారా?

ఎవరూ అలా అడగడం లేదు. 2024 ఏప్రిల్‌లో రాస్ స్కాట్ మొదలుపెట్టిన "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" ఉద్యమం అడిగేది ఒక్కటే: సర్వర్లు మూసేటప్పుడు, కొన్నవాళ్లు తమంతట తాము ఆడుకునే స్థితిలో గేమ్‌ను వదిలి వెళ్లండి. యూరోపియన్ యూనియన్‌లో ఈ కోరికకు 2025 జులై నాటికి పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. అదే ఏడాది నవంబర్‌లో బ్రిటన్ పార్లమెంటులో చర్చ జరిగింది, కానీ చట్టం మార్చే ఆలోచన లేదని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ప్రైవేటు సర్వర్లలో ఆటగాళ్ల భద్రతకు పూచీ ఉండదని, ఖర్చు పెరుగుతుందని కంపెనీల వాదన. పాత గేమ్‌ల విషయంలో అది కొంత నిజం. కొత్త గేమ్‌ను ఇలాంటి నియమం ఉంటుందని తెలిసే తయారుచేస్తే ఆ కష్టం చాలావరకు ఉండదు.

మూసేస్తే డబ్బు వెనక్కి వస్తుందా?

కంపెనీ దయ. సోనీ 2024 ఆగస్టు 23న విడుదల చేసిన కాంకార్డ్ గేమ్‌ను సెప్టెంబర్ 6న ఆపేసి, కొన్నవాళ్లందరికీ డబ్బు తిరిగిచ్చింది. గూగుల్ కూడా 2023 జనవరిలో తన గేమ్ సేవ స్టేడియాను మూసినప్పుడు గేమ్‌లకు కట్టిన డబ్బు వాపసు చేసింది. అందరూ అలా చేయరు.

మన దేశంలో ఏ చట్టం పనికొస్తుంది?

కొన్న గేమ్‌ను కంపెనీ మూసేయడం మీద ప్రత్యేక నియమం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే మనకు ఆధారం. డిజిటల్ ఉత్పత్తుల అమ్మకం కూడా ఈ-కామర్స్ కిందికే వస్తుందని ఆ చట్టం చెబుతోంది. తగిన కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకునేలా రాసిన షరతును అది "అన్యాయమైన ఒప్పందం" కింద లెక్కగడుతుంది. అలాంటి ఒప్పందం మీద ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌లోనో జాతీయ కమిషన్‌లోనో వేయాలి. సేవాలోపం, మోసపూరిత వ్యాపార పద్ధతి అంటే జిల్లా కమిషన్ చాలు.

మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసు ఒకటి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య అమ్మకం పన్ను వివాదంలో సుప్రీంకోర్టు 2004లో తీర్పిస్తూ, డిస్కులో పెట్టి అందరికీ అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని తేల్చింది. అది పన్ను కేసు, గేమ్‌లకు నేరుగా అతకదు. కానీ పన్ను కట్టించుకునేటప్పుడు సరుకైనది, కొన్నవాడు హక్కు అడిగేటప్పుడు ఒట్టి అనుమతి ఎలా అవుతుందని వాదించడానికి అది గట్టి పునాది. ఈ వాదన కమిషన్ల ముందుకు రావాలని నా కోరిక.

ఆగిపోయిన గేమ్‌ను క్రాక్ చేసి ఆడుకోవచ్చా?

జాగ్రత్త. చట్టబద్ధంగా తీసుకున్న ప్రోగ్రామ్‌కు బ్యాకప్ కాపీ చేసుకోవడాన్ని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో రక్షణ తాళాన్ని ఛేదిస్తే మాత్రం 65ఎ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే దొంగ కాపీల జోలికి అసలు పోవద్దు.

కొనే ముందు ఏం చూడాలి? తర్వాత ఫిర్యాదు ఎలా?

స్టోర్ పేజీలో "ఇంటర్నెట్ ఎప్పుడూ ఉండాలి" అని ఉందేమో చూడండి. జీఓజీ లాంటి స్టోర్లు ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఇస్తాయి. దాన్ని హార్డ్‌డిస్క్‌లో దాచుకుంటే తర్వాత స్టోర్ అనుమతితో పని లేదు. బిల్లు, స్టోర్ పేజీ స్క్రీన్‌షాట్, మూసివేత ప్రకటన భద్రపరచండి.

ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. మన దేశంలో పద్ధతి ప్రకారం అమ్ముకునే విదేశీ కంపెనీలకూ ఈ నియమాలు వర్తిస్తాయి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కమిషన్‌లో కేసు మీరు ఉండే ఊరి పరిధిలోనే వేయవచ్చు. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు గడువు.