అమ్మ దగ్గర ఎవరిది ఏ షిఫ్ట్?

ఇల్లందులో షిఫ్ట్ అంటే ఏమిటో చిన్నపిల్లలకూ తెలుసు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇక్కడి నేలలో బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి బొగ్గు సంస్థకు పుట్టిల్లు ఈ ఊరే. తాతల కాలం నుంచి ఇక్కడి ఇళ్లు మొదటి షిఫ్ట్, రెండో షిఫ్ట్, నైట్ షిఫ్ట్ లెక్కన లేచాయి, వండుకున్నాయి, పడుకున్నాయి. గనిలోకి దిగిన మనిషి షిఫ్ట్ అయిపోతే పైకి వస్తాడు. అతని పని అందుకోవడానికి ఇంకొకరు దిగుతారు. అది హక్కు, ఎవరూ దాన్ని దయ అనుకోరు.

మరి మంచం పట్టిన అమ్మ దగ్గరున్న మనిషికి షిఫ్ట్ ఎప్పుడు అయిపోతుంది?

చాలా ఇళ్లలో అవదు. ఇక్కడి భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఒక కొడుకు మణుగూరుకో భూపాలపల్లికో బదిలీ అయ్యాడు, ఇంకో కొడుకు హైదరాబాద్ వెళ్లాడు, బిడ్డను ఖమ్మంలో ఇచ్చారు. ఊళ్లో మిగిలిన కొడుకు ఇంట్లో, అందులోనూ కోడలి మీద, అమ్మ భారమంతా పడింది. మిగతావాళ్లు ఫోన్ చేసి "అమ్మ జాగ్రత్త వదినా" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ అర్ధరాత్రి లేచి అమ్మను బాత్రూంకు పట్టుకెళ్లేది వదినే.

తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ఎవరిని బాధ్యుల్ని చేసిందో చూడండి. కొడుకు, కూతురు, మేజరైన మనవడు, మనవరాలు. ఆ నిర్వచనంలో కోడలు లేదు. అమ్మను గాలికి వదిలేస్తే ట్రిబ్యునల్ ముందు జవాబు చెప్పాల్సింది కడుపున పుట్టినవాళ్లూ, వాళ్లకు పుట్టినవాళ్లే. కాబట్టి కొడుకులూ కూతుళ్లూ, ఇంటికి వచ్చి అమ్మకు అన్నం తినిపించినప్పుడు వదినకు సాయం చేశామనుకోకండి. మీ పని మీరు చేశారు.

ఈ ఆదివారం అందరూ కూర్చోండి. రాలేనివాళ్లు వీడియో కాల్‌లో ఉండండి. 'అమ్మను ఎవరు చూడాలి' అని మొదలుపెట్టారా, పాత పంచాయితీలన్నీ లేస్తాయి. తండ్రి ఉద్యోగం ఒక కొడుకుకు వచ్చిన సింగరేణి ఇళ్లలో మొదట వచ్చే మాట ఒకటే: "నాన్న ఉద్యోగం నీకే వచ్చింది కదా, అమ్మను నువ్వే చూడు." అందులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే ఉద్యోగం అందుకున్నది కొడుకు, రాత్రిళ్లు నిద్ర కాచేది ఆ ఉద్యోగంలో లేని మనిషి. అందుకని మనుషుల్ని పక్కనపెట్టి పనుల పేర్లు రాయండి. స్నానం, మందులు, రాత్రి కాపలా, పక్కబట్టలు ఉతకడం, ఆసుపత్రి, ఖర్చు, మెడికల్ కార్డు, పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్. ఒక్కోదాని ఎదురుగా ఒక్కో పేరు రాయండి. దూరాన ఉన్నవాళ్లు చేయగలిగినవి ఇందులో బోలెడున్నాయి. వాళ్లు ఏడాదిలో కనీసం ఒక వారం వచ్చి మొత్తం పని భుజాన వేసుకోవాలి. ఆ వారం వదిన పుట్టింటికి వెళ్లాలి. చుట్టపుచూపుగా వచ్చి బత్తాయిలు ఇచ్చి పోతే ఆమెకు ఒక్క రాత్రి నిద్ర కూడా మిగలదు.

రెండో పని, అమ్మ మంచం పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. గనిలో సర్దార్ తన షిఫ్ట్‌లో చూసింది రిపోర్టు రాసి పెడతాడు. తర్వాతి షిఫ్ట్ వాళ్లు దాన్ని చదివాకే పని మొదలుపెడతారు. ఇంట్లోనూ అంతే. 'రాత్రి 2, ఎడమ పక్కకు తిప్పాం. అరగ్లాసు నీళ్లు తాగింది. దగ్గు.' ఇంత చాలు. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. వయసు మీదపడ్డాక దాహం తెలియడం తగ్గుతుంది. మన బొగ్గు గనుల ఎండ సంగతి తెలిసిందే. వద్దంటోందని నీళ్లు మానేయకండి, తక్కువ తక్కువగా పట్టండి. నిన్నటిదాకా బాగా మాట్లాడిన అమ్మ ఉన్నట్టుండి మనుషుల్ని పోల్చుకోలేకపోతే ముసలితనమని సరిపెట్టుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో నీరు తగ్గి ఉండవచ్చు, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర పడకపోయి ఉండవచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించండి. అప్పుడు ఈ పుస్తకం మీ వెంట ఉండాలి.

అమ్మకూ ఒక పని ఉండాలి. దీన్నే మనం ఎక్కువగా మరిచిపోతాం. 'నువ్వు కదలకమ్మా' అని అన్నీ మనమే చేసేస్తే ఆమె చేతులు కొన్నాళ్లకే ఉన్న బలమూ పోగొట్టుకుంటాయి. కూర్చోగలిగితే చాటలో చిక్కుడుకాయలు పోసి ఒళ్లో పెట్టండి. వేళ్లు వంకరపోయినా కొస తుంచి ఈనె లాగడం ఆ చేతులకు ఇంకా వచ్చు. గంట పడుతుంది, పట్టనివ్వండి. కూర ఎలా చేయాలో కూడా ఆమెనే అడగండి. స్నానం ఎవరు చేయిస్తే ఇష్టమో అదీ అడగండి. కొడుకు చేత చేయించుకోవడానికి సిగ్గుపడితే ఆ పని కూతురికో కోడలికో ఇవ్వండి. పక్కబట్టలు ఉతికే పని కొడుకు తీసుకోవాలి.

ఇక వదినకు ఒక మాట. అలసిపోయానని చెప్పడానికి భయపడకండి. 'ఎవరూ పట్టించుకోవడం లేదు' అంటే వినేవాళ్లు తలా ఒక సాకు చెప్పి తప్పుకుంటారు. పేరు, తేదీ పెట్టి అడగండి. "తమ్ముడూ, వచ్చే నెల మొదటి వారం నీది, ఇప్పుడే సెలవు పెట్టు" అనండి. అంత పని ఏముందని అడిగితే నోటుపుస్తకంలో నిన్న రాత్రి పేజీ ఫొటో తీసి పంపండి.