పక్కవాళ్ల గ్లాసు చూడండి

దక్షిణ కొరియాలోని సువోన్‌లో మా ఆఫీసు టీమ్‌తో నా మొదటి డిన్నర్. కూర్చున్నాను. ఎదురుగా నీళ్ల బాటిల్ ఉంది. దాహంగా ఉంది. గ్లాసులో పోసుకుని తాగాను.

అదే సమయంలో మా టీమ్‌లో అందరికన్నా చిన్నవాడు ఏం చేశాడో చూడండి. గుంపులో అందరికన్నా చిన్నవాళ్లను ఇక్కడ ‘మక్నే’ అంటారు. టేబుల్‌కు పక్కనే ఉన్న సొరుగు లాగాడు. కొరియాలో చాలా హోటళ్లలో చెంచాలు, చాప్‌స్టిక్స్ అందులోనే ఉంటాయి. ఒక్కొక్కరి ముందు ఒక టిష్యూ పరిచి, దాని మీద చెంచా, చాప్‌స్టిక్స్ సర్దాడు. మిగతా ఐదుగురికీ నీళ్లు పోశాడు. తన గ్లాసు చివర్న నింపుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి నా గ్లాసు ఒక్కసారి కూడా ఖాళీ కాలేదు. నేను మాత్రం ఎవరి గ్లాసు వైపూ చూడలేదు. తిరిగి వస్తుంటే సబ్‌వేలో ఆ ఒక్క విషయమే తలలో తిరిగింది. ఎదుటి మనిషిని నేను అసలు గమనిస్తున్నానా?

ఆరేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. ఒక మాట గట్టిగా చెప్పగలను. గమనించడం పుట్టుకతో వచ్చే గుణం కాదు. అది స్కిల్. సైకిల్ తొక్కడంలాగే నేర్చుకుంటే వస్తుంది. మీకూ వస్తుంది.

నున్చి అంటే ఏమిటి?

కొరియన్‌లో ‘నున్’ అంటే కన్ను. ఎదుటివాళ్లు నోరు విప్పకముందే వాళ్ల మనసులో ఏముందో, వాళ్లకేం కావాలో పసిగట్టడం ‘నున్చి’. ‘వీడికి నున్చి లేదు’ అనిపించుకోవడం ఇక్కడ చిన్న విషయం కాదు. మెచ్చుకునేటప్పుడు ‘నున్చి బాగుంది’ అనడం తక్కువ. ‘నున్చి వేగంగా ఉంది’ అంటారు. ఆ వేగం దగ్గరే అసలు పాఠం ఉంది. అవతలి మనిషి ఇబ్బంది పడి, ముఖం చిన్నబుచ్చుకున్నాక మనకు అర్థమైతే అప్పటికే ఆలస్యం.

మనకూ ఒక మాట ఉంది. ఇంగితం. దాన్ని మనం ‘కామన్ సెన్స్’ అన్న అర్థంలో వాడేస్తున్నాం. నిజానికి ఇంగితం అంటే మనసులోని భావాన్ని బయటపెట్టే సైగ, ముఖంలో కనిపించే గుర్తు. దాన్ని చదవగలగడమే ఇంగితజ్ఞానం. అంటే మాట మన దగ్గర భద్రంగానే ఉంది. వాళ్ల దగ్గర దానికి రోజువారీ ప్రాక్టీస్ కూడా ఉంది.

ఆ ప్రాక్టీస్ ఎక్కడ దాచుకున్నారు? ఒంట్లో. చేతుల్లో.

కొరియాలో పెద్దవాళ్లకైనా, కొత్తవాళ్లకైనా ఏదిచ్చినా రెండు చేతులతో ఇస్తారు. తీసుకోవడమూ అంతే. లేదా కుడిచేత్తో ఇస్తూ ఎడమచేతిని కుడి మోచేతి దగ్గర ఆనిస్తారు. విజిటింగ్ కార్డ్, డబ్బు, పెన్ను, ఏదైనా సరే. షాపులో క్యాషియర్ నా కార్డు వెనక్కిచ్చేటప్పుడు కూడా చాలాసార్లు ఇలాగే ఇస్తారు. మొదట్లో ఇది మర్యాద కోసం చేసే పని అనుకున్నాను. చేస్తూ చేస్తూ అసలు విషయం తెలిసింది. రెండు చేతులూ పనిలో ఉంటే ఫోన్ పక్కన పెట్టాల్సిందే. కళ్లెత్తి మనిషిని చూడాల్సిందే. నాకు ఈ అలవాటు విలువ ఆ ఒక్క సెకను చూపులోనే కనిపించింది.

మందు దగ్గర కూడా అంతే. ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోవడం పద్ధతి కాదు. పక్కవాళ్లు చూసి నింపాలి. నేను తాగను. బార్లీ టీతో కూడా ఈ రూల్ చక్కగా పనిచేస్తుంది.

మాటలు మనవే

‘పప్ మొగొస్సొయో?’ అంటే అన్నం తిన్నారా అని. ఇది ఇక్కడ పలకరింపు. హోటల్లో వడ్డించే పెద్దావిడను చాలామంది ‘ఇమో’ అని పిలుస్తారు. అమ్మ తోడబుట్టిన ఆడవాళ్లను పిలిచే పిలుపు అది, మన పిన్నిలాగా. భర్తను ‘ఉరి నంప్యొన్’ అంటారు. మాటకు మాట చూస్తే ‘మా భర్త’ అని. ఇంగ్లిష్ మాత్రమే తెలిసిన కొలీగ్ ఒకరు దీనికి చాలా ఆశ్చర్యపోయారు. ‘మా ఆయన’, ‘మా ఇల్లు’ అనే భాషలో పెరిగిన నాకు ఏ ఆశ్చర్యమూ కలగలేదు.

నాకు కొత్తగా అనిపించి, నేను వెంటనే నేర్చుకున్న మాట ఒకటుంది. ‘సుగో హషొస్సొయో’. కష్టపడ్డారు అని అర్థం. పని ముగిశాక ఒకరికొకరు చెప్పుకుంటారు. ‘థాంక్యూ’ నాకు జరిగిన మేలు గురించి మాట్లాడుతుంది. ‘కష్టపడ్డారు’ అనే మాట మీ శ్రమను నేను చూశానని చెబుతుంది. ఆ తేడా మనిషి ముఖంలో కనిపిస్తుంది. అన్నం తెచ్చిన డెలివరీ అబ్బాయికి ఒకసారి చెప్పి చూడండి.

ఇలా గమనించడం మనుషుల మధ్యనే కాదు, దేశం స్థాయిలో కూడా చూశాను. ఏటా నవంబర్‌లో కాలేజీ ప్రవేశపరీక్ష జరుగుతుంది. ‘సునుంగ్’ అంటారు. ఆ రోజు రోడ్లు ఖాళీగా ఉండాలని ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు. ఆలస్యమైన పిల్లలను పోలీసులు బైకుల మీద దింపుతారు. ఇంగ్లిష్ లిజనింగ్ టెస్ట్ జరిగే సుమారు 35 నిమిషాలు విమానాలు పైకి లేవవు, కిందికి దిగవు. పిల్లలకు స్పష్టంగా వినిపించాలి, అంతే. మార్చిలో మీ పక్క ఫ్లాట్‌లో ఇంటర్ పరీక్ష రాసే అమ్మాయి ఉంటుంది. మీ టీవీ సౌండ్ ఎంత ఉందో అప్పుడు గుర్తుచేసుకోండి.

అన్నీ కాపీ కొట్టకండి

‘ప్పల్లి ప్పల్లి’. త్వరగా, త్వరగా. రోజుకు ఎన్నిసార్లు వింటానో చెప్పలేను. లిఫ్ట్ ఎక్కగానే తలుపు మూసే బటన్ నొక్కుతారు. మెసేజ్‌కు జవాబు వెంటనే వస్తుంది. ఇవి బాగున్నాయి, నేర్చుకోండి. కానీ ఈ తొందరకు ఇంకో ముఖం ఉంది. సియోల్ నుంచి బుసాన్‌కు 428 కిలోమీటర్ల గ్యొంగ్బు ఎక్స్‌ప్రెస్‌వేను 1968 ఫిబ్రవరిలో మొదలుపెట్టి 1970 జులైలో పూర్తి చేశారు. రెండున్నరేళ్లు కూడా పట్టలేదు. ఆ పనిలో 77 మంది ప్రాణాలు పోయాయి. జవాబివ్వడంలో వేగం పెంచండి. మనిషి ప్రాణం, ఆరోగ్యం అడ్డొచ్చిన చోట ఆగండి.

వయసు లెక్క కూడా అలాంటిదే. పరిచయం కాగానే వయసు అడుగుతారు, ఎందుకంటే ఏ గౌరవంతో మాట్లాడాలో భాష దాన్నిబట్టే నిర్ణయిస్తుంది. పుట్టగానే ఒక ఏడు, ప్రతి జనవరి 1న ఇంకో ఏడు కలిపే పాత లెక్కను 2023 జూన్ 28 నుంచి అధికారికంగా పక్కన పెట్టారు. అయినా పెద్దా చిన్నా తేడా ఎక్కడికీ పోలేదు. బాస్ లేవలేదు కాబట్టి జూనియర్లు కుర్చీలకు అతుక్కుపోయిన సాయంత్రాలు నేను చూశాను. వాళ్ల చూపు బాస్ మీదే. ఇది గమనింపు కాదు, భయం. నున్చి కింది నుంచి పైకే పారితే భయమవుతుంది. పై నుంచి కిందికి పారితేనే అది నాయకత్వం. మీరు టీమ్ లీడరా? అయితే సాయంత్రం ముందుగా మీరే లేవండి.

ఇళ్లలోనూ ఇదే సమస్య. చుసొక్, సొల్లాల్ పండగలొస్తే వంటల బరువు ఎక్కువగా కోడళ్ల మీదే పడుతుంది. ఆ అలసటకు ‘పండగ సిండ్రోమ్’ అనే అర్థంలో కొరియన్‌లో ఒక మాటే స్థిరపడిపోయింది. అందరి అవసరమూ ఒక్కరే కనిపెట్టాలంటే ఎవరైనా అలసిపోతారు.

ఇక్కడ నేను ఆగిపోయాను. మొదటి డిన్నర్‌లో ఆ మక్నే చేసిన పని నాకు కొత్తది కాదు. మా ఇంట్లో రోజూ చూసిందే. ఎవరికి చారు మళ్లీ కావాలో, ఎవరి పళ్లెంలో పెరుగు పడలేదో, ఎవరు అలిగి సగం అన్నంతో లేచిపోబోతున్నారో అడగకుండానే మా అమ్మకు తెలుసు. ఆమె తినేది చివర్న. మన ఇళ్లలో ఇంగితం లేకపోవడమేమీ లేదు. దాన్ని మొత్తం ఒక్క మనిషికి అప్పజెప్పి మిగతావాళ్లం హాయిగా తింటున్నాం.

ఈ బరువు పంచుకోవడం మీ చేతిలోనే ఉంది. ఒక వారం ఇలా చేయండి:

1. ఏ గదిలోకి వెళ్లినా పది సెకన్లు మాట్లాడకండి. చూడండి. ఎవరు అలసిపోయి ఉన్నారు? ఎవరికి కుర్చీ లేదు? ఎవరు మాట మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు? ఆ మూడో మనిషి దగ్గరకు వెళ్లి, ‘మీరేదో చెబుతున్నారు’ అనండి.

2. ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వండి. పిల్లలకిచ్చినా సరే.

3. రోజుకు ఒకరికి ‘కష్టపడ్డారు’ అని చెప్పండి. ఏ పని చూసి అంటున్నారో కూడా చెప్పండి.

4. ‘తిన్నారా?’ అని అడిగితే జవాబు వచ్చేదాకా ఆగండి.

పెనుకొండ దగ్గర కియా ప్లాంట్‌లో 2019లో కార్ల తయారీ మొదలైంది. అక్కడో, దానికి విడిభాగాలు చేసే కంపెనీల్లోనో కొరియన్లతో పనిచేయాలనుకునే మన పిల్లలకు ఈ నాలుగూ ఇంటర్వ్యూ నుంచే పనికొస్తాయి. మొదటి మూడు రోజులు ఎబ్బెట్టుగా ఉంటుంది. ఉండనివ్వండి. ఏ కొత్త అలవాటైనా అలాగే మొదలవుతుంది.

పోయినసారి ఊరెళ్లినప్పుడు గరిటె నేను తీసుకున్నాను. అమ్మ వద్దంది. వినలేదు. అందరికీ వడ్డించి, ఆమెను కూర్చోబెట్టి, చారు పోశాను. ‘ఇంకొంచెం పోయి, ఇవాళ చారు బాగుంది’ అంది. అమ్మకు చారంటే ఇంత ఇష్టమని నాకు ఆరోజే తెలిసింది.

ఈ రాత్రి మీ ఇంట్లో చివర్న తినేవాళ్లెవరో చూడండి. వాళ్లకు ముందు పళ్లెం పెట్టండి. గ్లాసులో నీళ్లు మీరే పోయండి.