తాతయ్య ట్రంకు పెట్టె

ఇది మా తాతయ్య కథ. మా నాయనమ్మ కథ కూడా.

మాది పశ్చిమ గోదావరి జిల్లా. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. దాన్ని అందరూ 'మిలిటరీ మాధవరం' అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి మనుషులు వెళ్లారు. మా ఊరు దాని పక్కనే. ఆ గాలి మాకూ తగిలింది.

తాతయ్య 1967లో సైన్యంలో చేరాడు. అప్పటికి ఆయనకు 18 ఏళ్లు. నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్ ఉంది. మద్రాసు రెజిమెంటు జవాన్లకు అక్కడే శిక్షణ. "చలికి చేతులు కొంకర్లు పోయేవి. తుపాకీ కంటే ముందు బూటు తాడు కట్టడం నేర్చుకున్నాను" అనేవాడు తాతయ్య. అంతకు ముందు ఆయన కాలికి చెప్పు కూడా ఎరుగడు.

1970లో పెళ్లయింది. సెలవు అయిపోగానే తాతయ్య వెళ్లిపోయాడు. నాయనమ్మకు చదువు రాదు. ఉత్తరం వస్తే పోస్టుమానే అరుగు మీద కూర్చుని చదివేవాడు. అత్తమామలు, తోడికోడళ్లు, ఇరుగుపొరుగు చుట్టూ చేరేవాళ్లు. నాయనమ్మ తలుపు చాటున నిలబడి వినేది.

"ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. గేదె ఈనిందా?" ఉత్తరంలో అంతే ఉండేది. పదిమంది ముందు చదివే ఉత్తరంలో పెళ్లానికి మనసులో మాట ఎలా రాస్తాడు?

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. తాతయ్య తూర్పు వైపు ఉన్నాడు. ఎక్కడున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. అక్కడి జవానుకు రాసే ఉత్తరం మీద ఊరి పేరు ఉండదు. '99 ఎ.పి.ఓ.' అని రాయాలి. అది సైన్యం తపాలా గుర్తు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. సుమారు 93 వేల మంది పట్టుబడ్డారు. బంగ్లాదేశ్ అనే కొత్త దేశం నిలబడింది. రేడియోలో వార్త విని ఊరంతా సంబరపడింది. నాయనమ్మకు మాత్రం అన్నం సయించలేదు.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. ఆ రోజు పోస్టుమాను తొందరలో ఉన్నాడు. చేతికిచ్చి వెళ్లిపోయాడు. చదివేవాళ్లు లేరు. బడిపిల్లాడు ఇంటికి వచ్చేదాకా నాయనమ్మ ఆ ఉత్తరాన్ని కొంగున కట్టుకుని తిరిగింది. మొగుడు బాగున్నాడని ఆ కాగితంలోనే ఉంది. అయినా పొద్దుగూకేదాకా ఆమెకు తెలియలేదు.

1984లో తాతయ్య పెన్షన్ మీద ఇంటికి వచ్చాడు. నల్ల ట్రంకు పెట్టె తెచ్చాడు. మర్నాడే సంతలో పలక కొన్నాడు.

"పిల్లల తల్లిని. ఇప్పుడు చదువేమిటండీ?" అంది నాయనమ్మ.

"యుద్ధంలో కూడా అంత బాధపడలేదే. నా ఉత్తరం నువ్వు చదవలేకపోయావని బాధపడ్డాను" అన్నాడు తాతయ్య.

రోజూ రాత్రి భోజనాలయ్యాక పాఠం. ఏడాదికి నాయనమ్మ కూడబలుక్కుని చదవసాగింది. అప్పుడు తాతయ్య పెట్టె తెరిచాడు. పాత ఇన్‌లాండ్ ఉత్తరం తీశాడు. 1971 డిసెంబరులో రాసింది. పోస్టు చేయనిది.

"ఇది నీ ఒక్కదానికే. ఇంకొకరు చదువుతారని వేయలేదు" అన్నాడు.

అందులో ఏముందో నాయనమ్మ ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

2021లో తాతయ్య చనిపోయాడు. సైనికుడు పోతే భార్యకు కుటుంబ పెన్షన్ వస్తుంది. కాని నాయనమ్మకు వెంటనే రాలేదు. ఆమెకు రెండు పేర్లు. అత్తగారిదీ ఆమెదీ ఒకే పేరు. అందుకని అత్తవారింట్లో పేరు మార్చి పిలిచారు. సైన్యం కాగితాల్లో పుట్టింటి పేరు ఉంది. ఆధార్ కార్డులో అత్తింటి పేరు ఉంది. "ఈవిడ, ఆవిడ ఒకరేనా?" అని ఒక ఆఫీసులో కాగితాలు తిప్పి పంపారు. అయిదు నెలలు పాల డబ్బులతోనే ఇల్లు గడిచింది.

చివరికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దారి చెప్పారు. రెండు పేర్లూ ఒకరివే అని ప్రమాణ పత్రం ఇచ్చాం. గుమస్తా సిరా డబ్బా ముందుకు జరిపాడు. "వేలిముద్ర వెయ్యమ్మా" అన్నాడు.

"సంతకం చేస్తాను. ముందు ఇందులో ఏం రాశారో చదవనివ్వండి" అంది నాయనమ్మ.

నేను పక్కనే ఉన్నాను. నాకు తాతయ్య కనిపించినట్టయింది.

గుర్తుంచుకోండి

1. అన్ని కాగితాల్లో మీ పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.
2. ఇంట్లో ఎవరైనా చనిపోతే 21 రోజుల్లోగా నమోదు చేయించండి. మరణ ధ్రువపత్రం తీసుకోండి.
3. సైనికుడి డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ ఉత్తర్వు, బ్యాంకు పుస్తకం ఒకచోట దాచండి.
4. పెన్షన్ తీసుకునేవారు ఏటా 'బతికే ఉన్నాను' అని ధ్రువపత్రం ఇవ్వాలి. లేకపోతే పెన్షన్ ఆగుతుంది.
5. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. తెలియని భాషలో ఉంటే చదివించుకోండి.

కొత్త మాటలు

జవాను - సైనికుడు
శిక్షణ - పని నేర్పడం
ప్రమాణ పత్రం - ఇది నిజమని ఒట్టు వేసి రాసిచ్చే కాగితం

చెప్పండి

1. తాతయ్య ఆ ఉత్తరాన్ని ఎందుకు పోస్టు చేయలేదు?
2. నాయనమ్మకు పెన్షన్ ఎందుకు ఆగింది?
3. మీకు పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు ఉన్నాయా? కార్డులో ఏది ఉంది?

రాయండి

మీ ఇంట్లో పెద్దవాళ్ల గురించి అయిదు మాటలు రాయండి. వాళ్లకే చదివి వినిపించండి.