ఇంటి కూరతోటయు చీడల నివారణయు

రైతులకు మనవి. కృష్ణానదీతీరమునందలి చందర్లపాడు ప్రాంతము 2022వ సంవత్సరము ఏప్రిలు నెలవరకు కృష్ణాజిల్లాలోనిది; అప్పటినుండి ఎన్టీఆర్ జిల్లాలోనిది. ఇచ్చటి నల్లరేగడిలో ప్రత్తియు మిరపయు విస్తారముగా పండును. అయినను వానిని పండించు గృహములలో పెక్కింటికి కూరలు అంగడినుండియే వచ్చుచున్నవి.

2021వ సంవత్సరమున తామరపురుగులలో నొక క్రొత్తజాతి మిరపపూవులలో చేరి గుంటూరు, కృష్ణాజిల్లాల పైరులను పాడుచేసెను. ఇది మనదేశమున మొదట 2015లో బెంగుళూరునందు బొప్పాయిపై కనబడినది. మందుపై మందు చల్లినను లొంగదయ్యెను; చల్లినకొలది దానిని తిను మేలుపురుగులును నశించెను. పైరు పోయిన యేట కూరకుగూడ రొక్కము వెచ్చింపవలసిన గృహస్థునకు నష్టము రెండింతలు.

స్థలము. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో తెలిపినట్లు, మనిషికి దినమునకు 400 గ్రాముల కూరలును 100 గ్రాముల పండ్లును వలయును. అనగా ఐదుగురున్న ఇంటికి దినమునకు రెండుకిలోల కూరలు కావలయును. ఇందులకు ఐదుసెంట్ల నేల, అనగా 22 గజముల పొడవును 11 గజముల వెడల్పును గల మడి, ఇంటిచెంత నేర్పరచుకొనవలయును. మిరప, ప్రత్తి చేలకు దూరముగా నుండుట మేలు. ఏలయన అచ్చట చల్లిన మందు గాలివెంబడి ఆకుకూరలపై పడును. రేగడిలో నీరు నిలిచిన వేళ్లు కుళ్లును గనుక ఎత్తుమళ్లు కట్టి, నడుమ కాలువలు తీయవలయును.

పండ్లచెట్లు. చుట్టును గజమునకొకటి చొప్పున వాక్కాయమొక్కలు నాటినచో, ముండ్లకంచెయు నగును, పప్పునకు పులుపును దొరకును. ఈ మొక్క వర్షాభావమునకు ఓర్చును. ఉత్తరపువైపున ఒక మూల అంటురేగు, దానికి ఎడముగా ఫాల్సా, మునగ, కరివేపాకు నాటవలయును. చలికాలమున సూర్యుడు దక్షిణముగా నడచును గనుక వాని నీడ మళ్లపై పడదు. ఫాల్సా క్రొత్తకొమ్మలయందే కాయును. కావున డిసెంబరు, జనవరి నెలలలో కత్తిరింపవలయును.

మళ్లు. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబమునకు చెందినవి. వాని చీడలును పెక్కు సమానములే. ఒకమారు వీనిని వేసిన మడిలో మరల వీనినే వేయక బెండను, పిమ్మట చిక్కుడు లేక గోరుచిక్కుడును, ఆపై ఆకుకూరలను మార్చుచుండవలయును.

చీడల నివారణ. 1. చుట్టును జొన్న రెండుసాళ్లు ముందుగా విత్తిన, తెల్లదోమయు తామరపురుగులును లోనికి వచ్చుట కొంత తగ్గును.

2. టమాటాలో బంతి నాటవలయును. శనగపచ్చపురుగు తల్లి బంతిపూవులపై గ్రుడ్లు పెట్టును. రెండును ఒక్కమారు పూయుటకై 40 దినముల బంతినారును 25 దినముల టమాటానారును కలిపి నాటవలయును.

3. గట్టున ఆముదపుమొక్కలుంచినచో పొగాకు లద్దెపురుగు వానిపై గుంపుగా గ్రుడ్లు పెట్టును. ఆ యాకులను త్రుంచి నాశనము చేయవలయును. ఎర పైరును చూడక విడిచినచో అదియే చీడలకు పుట్టిల్లగును.

4. అలసందపై పేనుబంక చేరును. దానికై అక్షింతలపురుగులు వచ్చును. వాని పిల్లపురుగులు వేరురూపున నుండుటచే కొందరు చీడయని చంపుదురు. అట్లు చేయరాదు.

5. వేసవి చివర రాలిన వేపపండ్ల గింజలను నీడనార్చి యుంచుకొనవలయును. పైపెంకు తీసిన అరకిలో పప్పును దంచి, రాత్రి నీటిలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కొంచెము సబ్బు కలిపి, పదిలీటర్లు చేసి సాయంకాలమున చల్లవలయును. ఎండకు దీని సారము త్వరగా చెడును.

పై పనులచే చీడ సమూలముగా పోవునని తలపరాదు. వంగకాయ తొలుచు పురుగు లోపల నుండుటచే దానికి వేపకషాయము తగులదు. వాడిన కొనలను, పుచ్చుకాయలను వారమువారము త్రుంచి కాల్చవలయును. బెండకు పల్లాకుతెగులు సోకినచో మందు లేదు. ఆ మొక్కను పెరికివేసి తెల్లదోమను అరికట్టవలయును.

ఐదుసెంట్ల తోట మిరప ధరను మార్చజాలదు. కాని పైరు చెడిన యేటను ఇంటిపిల్లలకు కూర కరవుగాకుండ కాపాడును. కావున తొలకరికి ముందే మళ్లు కట్టి, వేపగింజలు సేకరించి యుంచుకొందురుగాక.