ఉద్యోగం వచ్చాక మొదలయ్యే చదువు



నేను కోయంబత్తూరు పీలమేడులో పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాగానే మా నాన్నగారు "ఇక నీ చదువు గట్టెక్కింది" అన్నారు. నేనూ నమ్మాను.

పన్నెండేళ్ళ తర్వాత ఆ నమ్మకం చెదిరింది. నేను రాసిన ఒక పేజీ తెరుచుకోవడానికి నిమిషం పట్టేది. పెద్ద సర్వర్ కొనాలని ఆఫీసులో చెప్పాను. కొత్తగా చేరిన ఒక అమ్మాయి లాగ్ తెరిచి, "సార్, 500 బిల్లులు చూపడానికి డేటాబేస్‌ను 501 సార్లు అడుగుతున్నాం" అంది. జాబితా కోసం ఒకసారి, ఆపైన ప్రతి బిల్లుకూ డీలరు పేరు కోసం ఒక్కోసారి! రెండు టేబుళ్ళనూ జాయిన్ చేసి ఒక్కసారే అడిగితే సరిపోయింది. మొదటి రెండేళ్ళలో నేర్చినదానితోనే మిగతా పదేళ్ళూ నెట్టుకొచ్చానని ఆ రోజు తెలిసింది. సిగ్గుపడ్డాను. తర్వాత నాలుగు అలవాట్లు చేసుకున్నాను.

1. ఇతరుల కోడ్ చదవడం. మన జి.డి. నాయుడుగారు మోటారు సైకిల్ కొని, విప్పి, మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. నేనూ ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును వారానికొక భాగం అలాగే విప్పి చూశాను.

2. నా కోడ్‌ను ఇతరులకు చూపడం. తప్పు చెప్పినవారు వయసులో చిన్నవారైనా వినడం.

3. పాత కోడ్‌ను మార్చే ముందు టెస్టులు రాయడం. అప్పుడే ఏది చెడిందో వెంటనే తెలుస్తుంది.

4. ఊహించకుండా కొలవడం. ఎక్కడ ఆలస్యమవుతోందో చూశాకే చెయ్యి పెట్టడం.

ఇప్పుడు కోడ్ రాసిపెట్టే ఏ.ఐ. సాధనాలు వచ్చాయి. అవి రాసినదాంట్లో తప్పు పట్టగలిగినవారికే వాటివల్ల నిజమైన మేలు.

మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామిగారిని తలుచుకోండి. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినా, కంటి శస్త్రచికిత్స కోసం కత్తి పట్టడం పట్టుదలతో సాధన చేశారు. ఉద్యోగ విరమణ తర్వాత 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. నేర్చుకోవడానికి వయసు అడ్డుకాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తల్లిదండ్రులారా, ఉద్యోగస్థుడైన కొడుకో కూతురో రాత్రిపూట పుస్తకం తెరిస్తే "ఇంకా ఏం చదువు?" అనకండి. విద్యార్థులారా, స్కాలర్‌షిప్ మీ ఫీజు కడుతుంది. ఆ తర్వాతి చదువు మాత్రం మీ చేతుల్లోనే ఉంది.