ధమ్మ పాఠం: నాగార్జునకొండ ప్రయాణానికి ముందు



ఈ పాఠానికి నేను వేరే విషయం అనుకున్నాను, కాగితాలు కూడా సిద్ధం చేసుకున్నాను. కానీ రెండు ఆదివారాలుగా మన వాడ విహారంలో వందన అవ్వగానే మాటంతా ఒక్కదాని మీదికే పోతోంది. జనవరిలో నాగార్జునకొండ పోవాలి, లాంచీ ఎక్కాలి. పులిహోర ఎవరు కలపాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఫోన్లు ఎక్కడ చార్జింగు పెట్టుకోవాలి. డెబ్బై దాటిన ఒక పెద్దమ్మ తెల్లచీర కొని, ఇప్పటికే మడత విప్పి నలుగురికి చూపించింది. ఆమె జీవితంలో పడవ ఎక్కలేదు. మూసీ కాలవ కూడా నడిచే దాటిందట.

ఇదంతా చూసి ఒక తమ్ముడు లేచి అడిగాడు. "అన్నా, తణ్హే దుఃఖానికి మూలమని క్లాసులో మీరే చెప్తారు. మరి రెండు నెలల ముందునుంచీ ఈ ఆరాటమేంటి? ఆ డబ్బులు పిల్లల ఫీజులకి పనికిరావా?"

క్లాసు చప్పబడింది. పెద్దమ్మ చీర సంచిలో పెట్టేసుకుంది. నాకు బాధేసింది, కానీ ప్రశ్న మాత్రం మంచిది. దానికి జవాబుగానే ఈ పాఠం.

ముందు ఆరాటం సంగతి. ఎదురుచూడటం అంతా తణ్హే అనుకోవటం పొరపాటు. అంగుత్తర నికాయంలో వేళుకండకి ఊరి నందమాత అనే ఉపాసిక కథ ఉంది. ఆమె సారిపుత్త, మొగ్గల్లానలతో సహా భిక్షుసంఘానికి దానం చేస్తోంది. అది చూసి బుద్ధుడు దానమిచ్చేవాళ్లకు ఉండాల్సిన మూడు లక్షణాలు చెప్పాడు. ఇవ్వకముందు మనసు సంతోషంగా ఉండాలి, ఇచ్చేటప్పుడు తేటగా ఉండాలి, ఇచ్చాక తృప్తిగా ఉండాలి. చూశారా, మొదట చెప్పిందే ముందటి సంతోషం. ఒక మంచి పని రాబోతోందని మనసు ముందే విప్పారటం తప్పయితే బుద్ధుడు దాన్ని లెక్కలోకి తీసుకునేవాడే కాదు.

మరి తప్పు ఎక్కడుంది? మజ్ఝిమ నికాయంలో భద్దేకరత్త సుత్తం ఉంది. గడిచినదాని వెంట పరుగెత్తొద్దు, రానిదాని మీద ఆశలు కట్టుకుని కూర్చోవద్దు, ఇప్పుడున్నదాన్ని చూడు, ఈరోజు చేయాల్సింది ఈరోజే చెయ్యి అని దాని సారం. కొంతమంది దీన్ని చదివి, రేపటి గురించి ఏమీ అనుకోకూడదంటారు. అలాగైతే భిక్షువులు వర్షావాసానికి ముందే చోటు చూసుకునేవాళ్లు కాదు. జనవరి ప్రయాణానికి ఈరోజే టికెట్ల సంగతి కనుక్కోవటం ఈరోజు చేయాల్సిన పనే. కానీ ఈరోజు ఇంట్లో పిల్ల ఏడుస్తుంటే వినిపించుకోకుండా జనవరిలో లాంచీ మీద దిగబోయే ఫొటో గురించి కలగంటూ కూర్చుంటే, అదిగో అది రానిదాంట్లో బతకటం. తేడా చిన్నదే. ఎవరిది వాళ్లకే తెలుస్తుంది.

ఇంకో గుర్తు కూడా ఉంది. అనుకున్నది జరగకపోతే మనమేమవుతాం? నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కింద పద్దెనిమిది మందిని వెంటేసుకుని నేనే నాగార్జునకొండకు బయలుదేరాను. తెల్లవారుజామున లేచాం, అన్నం మూటలు కట్టాం, బస్సులు మారాం. తీరా పోతే ఆరోజు శుక్రవారం, మ్యూజియానికి సెలవు. శుక్రవారం సెలవని ఒక్కసారి కనుక్కోలేదు నేను. దారి పొడుగునా ఒకరినొకరు తిట్టుకున్నాం. ఒక బావగారు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. ఆయన కోపం నా మీద కాదు, ఆయన మనసులో అప్పటికే చూసేసిన కొండ మీద అని తర్వాత అర్థమైంది. నేను చేసింది మాత్రం పమాదం, అంటే ఏమరుపాటు. బుద్ధుడి చివరి మాట అప్పమాదం గురించే. దాన్ని మనం ధ్యానానికే అనుకుంటాం. క్యాలెండరు చూసుకోవటం కూడా అందులోదే.

ఈసారి అందుకే ఆదివారం పెట్టుకున్నాం. ఆరోజు తిథి బాగాలేదని ఒక అత్త అన్నది. అత్తా, తిథి సంగతి దీక్ష రోజునే వదిలేశాం కదా. మనం చూసేది సెలవు, గాలి, జలాశయంలో నీళ్లు, అంతే. గాలి ఎక్కువుంటే లాంచీ తియ్యరు. సరిపడా జనం లేకపోయినా తియ్యరు. అప్పుడు ఒడ్డునే ఉన్న అనుపు చూసి వద్దాం. అక్కడ కూడా ముంపునుంచి కాపాడి కట్టిన కట్టడాలున్నాయి, మెట్లు మెట్లుగా ఉన్న పాత రంగస్థలం ఉంది. కొండకు పోలేకపోతే ఏం చేస్తామో ఇప్పుడే అనుకుంటే ఆరోజు ఎవరూ ఎవరినీ తిట్టుకోరు.

ఇక డబ్బు. తమ్ముడి ప్రశ్నలో అసలు ముల్లు ఇదే. మనవాళ్లలో ఎక్కువమంది ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్లు, తాపీ పనివాళ్లు. వారానికి యాభై చొప్పున కట్టుకుంటూ వచ్చారు. సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు గృహస్థుకు లెక్క చెప్పాడు. సంపాదనను నాలుగు భాగాలు చెయ్యి, ఒక భాగం అనుభవించు, రెండు భాగాలు పనిలో పెట్టు, నాలుగో భాగం ఆపదకు దాచు. దీఘజాణు అనే కోలియుడు, మేం పెళ్లాం పిల్లలతో ఉండేవాళ్లం, మాకు పనికొచ్చే ధమ్మం చెప్పమంటే, రాబడి ఖర్చులను తక్కెడ పట్టినవాడిలా చూసుకోమన్నాడు. మరీ విచ్చలవిడిగా వద్దు, మరీ కడుపు కట్టుకునీ వద్దు. అనుభవించటానికి ఒక భాగం అని గురువే చెప్పాడు. పేదవాడికి ఆ భాగం లేదని ఆయన ఎక్కడా అనలేదు. అది మనకు మనం పెట్టుకున్న శిక్ష.

కానీ నాలుగో భాగం సంగతి కూడా నిజమే. పోయిన నెల మనలో ఒక అక్క, ఆయన మేస్త్రీ పనిలో పైనుంచి పడి కాలు విరిగితే, తను కట్టిన డబ్బులు వెనక్కి అడిగింది. అదే రోజు ఇచ్చేశాం. నీ ఖర్చు మేం వేసుకుంటాం, నువ్వూ రా అంటే ఒప్పుకోలేదు. "ఊరికే రాను" అన్నది. ఆ మాటలో ఉన్న అభిమానం నాకు తెలుసు, మా అమ్మదీ అదే మాట. దీన్నిబట్టి మనకు తెలియాల్సింది ఒకటుంది. ప్రయాణం పుస్తకం తెరిచినరోజే ఆపద పుస్తకం కూడా తెరవాల్సింది. మనం తెరవలేదు. ఈ ఆదివారం నుంచి యాభైలో పది రూపాయలు ఆ రెండో పుస్తకంలోకి పోతాయి. ఆమెను ఎలా ఒప్పించాలో మాత్రం నాకింకా తోచలేదు. ఆడవాళ్లు మాట్లాడితే బాగుంటుంది.

ఊళ్లు చూడటం మనకు విలాసమా? బాబాసాహెబ్ రాసుకున్న సంగతి వినండి. 1934లో ఆయన, ఉద్యమంలో ఆయనతో పనిచేసేవాళ్లు, సుమారు ముప్పై మంది కలిసి ఎల్లోరా బౌద్ధ గుహలు చూడటానికి బయలుదేరారు. దారిలో నిజాం రాజ్యం, అంటే మన హైదరాబాద్ సంస్థానం. అంటరానివాళ్లమని తెలిస్తే ఇబ్బందవుతుందని, ఎవరమో చెప్పకుండానే తిరగాలని ముందే అనుకున్నారు. వాళ్ల ప్లానింగులో మొదటి అంశం పేరు దాచుకోవటం! దౌలతాబాద్ కోట దగ్గర బస్సు దిగి, దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలు, కాళ్లు అక్కడి తొట్టి నీళ్లతో కడుక్కున్నారు. అంతే, నీళ్లు మైలపడ్డాయని ఒక ముసలాయన అరిచాడు, జనం మూగారు. చివరికి, లోపల ఎక్కడా నీళ్లు ముట్టుకోకూడదన్న షరతు మీద, ఆయుధం పట్టుకున్న సిపాయిని వెంట పంపి కోట చూడనిచ్చారు. కొలంబియాలో, లండన్‌లో చదివి, ఓడల మీద సముద్రాలు దాటి వచ్చిన మనిషికి ఒక తొట్టెడు నీళ్ల దగ్గర జరిగింది ఇది.

అందుకే పెద్దమ్మ చీర మడత విప్పి చూపిస్తే నాకు తణ్హ కనిపించలేదు. మనం పేరు దాచుకోకుండా, నీలిజెండా, పంచశీల జెండా పట్టుకుని, టికెట్ కొనుక్కుని, కృష్ణ నీళ్ల మీద పోతాం. ఆ తమ్ముడికి ఇది చెప్పాను. కాసేపాగి, "అయినా ఫీజుల మాట ఫీజులదే అన్నా" అన్నాడు. నిజమే. అందుకే రెండో పుస్తకం.

పోయేముందు అక్కడేముందో తెలుసుకుని పోదాం. లేకపోతే రాళ్లు చూసి వస్తాం. మీరు లాంచీలో పోయేటప్పుడు అడుగున ఉన్నది విజయపురి, ఇక్ష్వాకుల రాజధాని, మూడు నాలుగు శతాబ్దాల నాటిది. 1926లో ఈ చోటును గుర్తించింది ఎ. రంగస్వామి సరస్వతి. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యాముకు శంకుస్థాపన చేశాడు. లోయ మునుగుతుందని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్దఎత్తున తవ్వి, కొన్ని కట్టడాలను కొండమీదికి మార్చి మళ్లీ కట్టారు. మనం చూసేది అవే.

ఆడవాళ్లు రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. ఒకటి చాంతిసిరి. రాజు చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడైతే, ఆయన సోదరి చాంతిసిరి మహాచైత్యాన్ని నిలబెట్టింది. రెండోది బోధిసిరి, రాజకుటుంబం కాదు, ఒక ఉపాసిక. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి లాంటి దేశాల పేర్లున్నాయి, తన ఇంటివాళ్లందరినీ కూడా తలుచుకుంది. వారానికి యాభై కట్టే మన అక్కలు ఆమె వారసులే. నందమాత, చాంతిసిరి, బోధిసిరి... ధమ్మాన్ని నిలబెట్టిన లెక్కలో మగాళ్ల పేర్లకంటే వీళ్లవే నాకు ముందు గుర్తొస్తాయి.

మగాళ్లకు ఒక్క మాట. ఐదో శీలం లాంచీ మీద కూడా ఉంటుంది. వాటర్ బాటిల్‌లో కలుపుకొస్తే తెలియదనుకోవద్దు, పోయినసారి ఎవరు తెచ్చారో అందరికీ తెలుసు. నీళ్ల మీద తాగినవాడు తనకే కాదు, పక్కన కూర్చున్న పిల్లాడికి కూడా ప్రమాదం. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలు చూడబోయినవాళ్ల బోటు మునిగి సుమారు యాభై మంది పోయారు. వాళ్లూ మనలాగే పులిహోర పొట్లాలు కట్టుకుని, ఎదురుచూసి బయలుదేరినవాళ్లే. లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని విప్పొద్దు. ఫొటో కోసమైనా విప్పొద్దు. పిల్లలకు సరిపోయే సైజువి ఉన్నాయో లేదో ఎక్కకముందే అడుగుతాం. లేవంటే ఎక్కం, అనుపుకే పోతాం. అందరూ ఒకే పక్కకి ఎగబడకూడదు. చెప్పటం తేలిక, కొండ కనపడగానే అందరూ లేస్తారు. అందుకే ఇటు ఒకరు, అటు ఒకరు కాపలా.

వచ్చే ఆదివారం క్లాసుకు వచ్చేటప్పుడు ఆధార్ కార్డు జిరాక్స్, బీపీ షుగరు మాత్రలు వాడేవాళ్లు వాటి పేర్లు రాసిన చీటీ తీసుకురండి. పిల్లలు చాంతిసిరి, బోధిసిరి గురించి చెరో ఐదు వాక్యాలు రాసుకు రావాలి, లాంచీలో చదివిస్తాం. పెద్దమ్మ చీర మళ్లీ తీసుకురావాలి, ఆరోజు రానివాళ్లు చూడలేదు.